దీవి పేరు చెప్పను

ఈ వ్యాసంలో దీవి పేరు ఉండదు. ముందే చెబుతున్నాను. చివరి దాకా చదివి, ముసలాయన రాయడం మరిచిపోయాడని అనుకోవద్దు.

ఇక్కడ కాన్‌బెరాలో మా తెలుగు సంఘం సావనీరుకు వ్యాసం కావాలని అడగడానికి వచ్చిన అబ్బాయి మా గంగాలిన్ పేటలోనే, మా ఇంటికి రెండు ట్రామ్ స్టాపుల అవతల ఉంటాడు. ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్ కాంట్రాక్టు పనులు చేస్తాడు. మంచివాడు. మా ఆవిడ పెట్టిన సర్వపిండి తింటూ విషయానికొచ్చాడు.

"అంకుల్, మీరు సర్వీస్‌లో ఉన్నప్పుడు ఒక రేర్ ఫ్లవర్‌ని సేవ్ చేశారట కదా! అదే రాయండి. ఫొటో ఒకటి, లొకేషన్ పిన్ ఒకటి ఇవ్వండి, క్యూఆర్ కోడ్ పెట్టేద్దాం. స్కూల్ హాలిడేస్‌లో ఫ్యామిలీస్ వెళ్ళి చూసొస్తారు."

"పిన్ ఇవ్వను."

"పోనీ ఐలండ్ పేరు?"

"అదీ ఇవ్వను."

"మరి రీడర్స్‌కి ఇంట్రెస్ట్ ఎట్లొస్తది అంకుల్?"

"రాకపోతే మానె."

నేను హాస్యమాడుతున్నానని అతను నవ్వాడు. ఉగాది సభలో శాలువా కూడా కప్పుతామన్నాడు. శాలువా వద్దన్నాను. వ్యాసం మాత్రం రాస్తానన్నాను. ఎందుకంటే అతను అడిగిన మాటలో ఒక అబద్ధముంది, అది నా పేరు మీద తిరుగుతోంది. నేను ఆ పువ్వును కాపాడలేదు. రెండుసార్లు దాన్ని చంపినంత పని చేశాను. మొదటిసారి నిర్లక్ష్యంతో. రెండోసారి నిజం చెబుతూ. మీలో ఏ కొందరైనా నేను చేసిన ఉద్యోగంలో ఉన్నా, రేపు చేరబోతున్నా, ఈ రెండింటిలో రెండోదాన్ని ఎక్కువ శ్రద్ధగా చదవండి. మొదటిది ఎవరైనా చేస్తారు.

నాది హన్మకొండ దగ్గరి ఊరు. వృక్షశాస్త్రం చదివి, ఆస్ట్రేలియా వచ్చి మళ్ళీ చదివి, బ్రిస్బేన్‌లో ఒక పర్యావరణ సలహా కంపెనీలో మొక్కల సర్వే చేసేవాడిగా స్థిరపడ్డాను. ఎవరైనా రోడ్డు వేయాలన్నా, హోటలు కట్టాలన్నా ఆ నేల మీద ఏమేం పెరుగుతున్నాయో ముందు చూసి రాయాలి. ఆ రాసేవాళ్ళం మేము. మాకు డబ్బిచ్చేది కట్టేవాడే. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టే జ్యోతిష్కుడి లాంటి బతుకు అది. జాతకం కలవలేదని చెప్పే స్వేచ్ఛ పూర్తిగా ఉంటుంది. చెప్పినవాణ్ణి ఇంకో పెళ్ళికి పిలవరు, అంతే.

క్వీన్స్‌లాండ్ తీరం పొడుగునా ఇసుక దీవులున్నాయి. మట్టి లేదు, రాయి లేదు, ఉత్త ఇసుక. అయినా ఇసుక దిబ్బల వెనక పల్లంలో నీళ్ళు నిలిచి చిత్తడి అడవులు పెరుగుతాయి. కాగితం పొరల్లా బెరడు ఊడే చెట్లు, వాటి కింద మోకాలి లోతు టీ డికాక్షన్ రంగు నీళ్ళు. ఆ నీటి అంచున ఒక ఆర్కిడ్ పూస్తుంది. దీన్ని ఇక్కడ చిత్తడి ఆర్కిడ్ అంటారు. మనిషి ఎత్తు కాడ. కాడ చివర గుత్తిగా పూలు, ఒక్కొక్కటి అరచేతి అంత. వెనక వైపు తెలుపు, లోపల కాల్చిన ఇటుక రంగు, మధ్యలో ఊదా నాలుక. ఈ దేశపు నేలలో పుట్టే ఆర్కిడ్లలో ఇంత పెద్ద పువ్వు మరొకటి ఉందని నేనెరగను. ఆ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. పెరట్లో పెట్టుకుందామని తవ్వుకుపోయేవాళ్ళు, అమ్ముకునేవాళ్ళు, చిత్తడి ఎండగట్టి ఇళ్ళు కట్టేవాళ్ళు, అడవి పందులు, అందరూ కలిసి దాన్ని తీరమంతటా అక్కడొక గుంపు ఇక్కడొక గుంపుగా మిగిల్చారు. జాతీయ జాబితాలో అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క.

ఆ జాబితా సంగతి కుర్రవాళ్ళకు ఒకటి చెప్పాలి. పేరు ఎక్కించినంత మాత్రాన మొక్క పక్కన కానిస్టేబుల్ నిలబడడు. మా లాంటివాడు వెళ్ళి, చూసి, ఉంది అని రాస్తేనే చట్టం లేచి కూర్చుంటుంది. మేము చూడకపోతే చట్టానికి కళ్ళు లేవు.

ఆ ఏడు ఇక్కడి చలికాలం మొదట్లో, అంటే జూన్‌లో, మా కంపెనీకి ఒక పని వచ్చింది. ఒక దీవిలో ఉన్న రిసార్టువాళ్ళు దాన్ని పెంచాలనుకున్నారు. కొత్త రోడ్డు చిత్తడి అంచు మీదుగా పోతుంది, దాని పక్కన నీళ్ళు పోయేందుకు కాలువ. కాలువ తవ్వితే చిత్తడి ఆరిపోతుంది. అక్కడ ఆర్కిడ్ ఉందో లేదో చూడాలి. ఆ మొక్క పూసేది ఇక్కడి వసంతంలో, అంటే సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా. పద్ధతి ప్రకారం సర్వే ఆ రోజుల్లోనే చేయాలి. పని ప్రణాళికలో నేనే అక్టోబరు అని రాశాను. తరువాత నేనే కొట్టేసి జూలై అని రాశాను.

ఎందుకు?

అక్టోబరులో బతుకమ్మ ఉంది గనక. నవ్వండి. తరువాత ఒక సభలో చాలామంది నవ్వారు, మీరూ నవ్వితే తప్పు లేదు.

ఆ ఏడు నేను బ్రిస్బేన్‌లో మన సంఘానికి ప్రెసిడెంటును. అంతకు ముందే సంఘం రెండుగా చీలింది; చీలకపోతే అది తెలుగు సంఘమే కాదు. అవతలి సంఘంవాళ్ళు వాళ్ళ బతుకమ్మ మనిషి ఎత్తు దాటిస్తామని ప్రకటించారు. మావాళ్ళ రక్తం ఉడికింది. హాలు బుక్ చేయాలి, మార్కెట్లో బంతులూ చామంతులూ ముందే చెప్పి పెట్టాలి, గునుగు దొరకదు గనక ఎండుగడ్డికి రంగులు అద్దాలి, తంగేడు దొరకదు గనక పసుపు కాగితాలు కత్తిరించాలి. కౌన్సిలువాళ్ళు చెరువులో వేయనివ్వరు గనక నిమజ్జనానికి పిల్లలు ఆడుకునే గాలి తొట్లు కొనాలి. తొమ్మిది రోజుల పండగ, ముందు నెల రోజుల పరుగు. ఆ మధ్యలో దీవికెళ్ళి బురదలో తిరగడం నా వల్ల కాదనుకున్నాను. రిసార్టువాళ్ళకు తొందర, మా మేనేజరుకు రిసార్టువాళ్ళంటే ప్రేమ. తేదీ ముందుకు జరుపుతానంటే అందరూ సంతోషించారు.

"పువ్వు లేకుండా గుర్తుపట్టగలవా?" అని మేనేజరు అడిగాడు.

"ఆకు చూస్తే చాలు," అన్నాను.

ఇరవై ఏళ్ళు మొక్కలు చూసినవాడి గొంతులో ఆ మాట ఎంత ధీమాగా పలికిందో నాకింకా గుర్తుంది.

జూలైలో వెళ్ళాను. ఆ దీవి నేల మీద తరతరాలుగా ఉన్న ఆదివాసీ కుటుంబాల తరఫున భూసంరక్షణ బృందం ఒకటి పనిచేస్తుంది. దాని పెద్ద ఒక ఆవిడ. నా వయసే. యూనివర్సిటీలో నాకంటే పెద్ద చదువు చదివి, తిరిగొచ్చి సొంత దీవిలో పనిచేస్తోంది. పడవ దిగిన చోట ఎదురొచ్చింది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. ఆవిడ నోటి కరుకు తెలుగులోకి పూర్తిగా రాదు.

"ఇప్పుడెందుకొచ్చావు?" అన్నది, గుడ్ మార్నింగ్ బదులు.

"సర్వేకి."

"దేన్ని సర్వే చేస్తావు? ఇప్పుడు ఉన్నది ఆకులు. పూసేటప్పుడు రా. అప్పుడు అదే నిన్ను పిలుస్తుంది."

"ఎక్కడుందో మీకు తెలిస్తే చూపించండి. రాసుకుంటాను."

"అది చెప్పను."

"ఎందుకు?"

"చెప్పిన ప్రతిసారీ మరుసటి ఏడు అక్కడ గుంటే మిగిలింది గనక."

ఆవిడకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడుతోంది అనుకున్నాను. చదువుకున్న మనిషి, పైగా సొంత చోటు, చూపించి పని ముగించక ఈ బెట్టెందుకు అని విసుక్కున్నాను కూడా. అసలు బెట్టు ఎవరిదో తరువాత అర్థమైంది.

చిత్తడిలో గీత గీసినట్టు తిన్నగా నడవడం, గీత చివర చెట్టుకు గులాబీ రంగు టేపు కట్టడం, ఇటు తిరిగి మళ్ళీ నడవడం. అదీ మా సర్వే. చల్లటి నీళ్ళు బూట్లలోకి దిగాయి. మధ్యాహ్నం బతుకమ్మ హాలువాళ్ళు ఫోన్ చేశారు, అడ్వాన్సు గురించి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చెట్టుకు టేపు కడుతూ, మైకు సెట్టు గురించి బేరమాడాను. ఆ చెట్టు మొదట్లో మడతలు మడతలుగా పొడుగాటి ఆకులు కొన్ని ఉన్నాయి. తాటి మొలకల్లా ఉన్నాయి. అక్కడ తాటి జాతి చెట్లు బోలెడు. తాటి మొలకలే అనుకున్నాను. నిజానికి అనుకోనుకూడా లేదు. ఫోనులో మాట్లాడుతున్నాను.

ఆర్కిడ్ కనిపించలేదని రిపోర్టు రాశాను. ఉండే అవకాశం తక్కువ అని ఇంకో వాక్యం చేర్చాను. ఎవరూ అడగని వాక్యం అది. రిసార్టువాళ్ళు దాన్నే అందరికీ చూపించారు.

బతుకమ్మ రోజులు వచ్చాయి. మాది బ్రహ్మాండంగా లేచింది. అవతలి సంఘం బతుకమ్మ ఎత్తు కొలిచి రావడానికి మావాళ్ళు ఒకరిని గూఢచారిగా కూడా పంపారు. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున హాల్లో చామంతుల గుట్టల మధ్య ఉండగా దీవి నుంచి ఆ బృందం పెద్దావిడ ఫోను.

"ఏం ప్రెసిడెంటూ, నీ పూల పండగ ఎలా సాగుతోంది?"

సర్వేనాడు చిత్తడి అంచున నిలబడి నా ఫోను బేరాలన్నీ ఆవిడ విన్నది. అప్పటి నుంచీ నాకు ఆ పేరే పెట్టింది.

"బాగా సాగుతోంది. ఏమిటి విషయం?"

"ఇక్కడ కూడా పూశాయి. నువ్వు లేవన్నవి. వస్తావా, లేక కొనుక్కొచ్చిన పూల దగ్గరే ఉంటావా?"

ఫోను పెట్టేశాను. మా ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆవిడ చేతినిండా రంగు గడ్డి.

"ఏందండి గిది? సద్దులనాడు ప్రెసిడెంటే పోతడా? ఆడోళ్ళందరు వచ్చే టైముల? అవుతలోల్లు ఏమనుకుంటరు?"

"చూసి సాయంత్రానికొస్తా."

"పువ్వుల కోసమే పోతున్నరా? ఈడ లేవా పువ్వులు? ఇగో, గిన్నున్నయి!" అని ఒక బుట్ట నా కాళ్ళ దగ్గర గుమ్మరించింది. ఆ పూలు దాటుకుని వెళ్ళాను. సాయంత్రానికి రాలేదు కూడా.

దీవిలో పెద్దావిడ నన్ను చిత్తడి అంచు దాకా తీసుకెళ్ళి ఆగింది.

"ముందు మాట. ఎక్కడున్నదీ ఎవరికీ చెప్పవు. ఉన్నదని చెప్పు. చోటు చెప్పవద్దు. అది ప్రభుత్వానికి రహస్యంగా రాసే పద్ధతి ఉంది, నీకు తెలుసు."

"తెలుసు. చెప్పను."

ఆవిడ తల ఊపి పక్కకు తప్పుకున్నది. నేను నడిచాను. నీడలో మొదట ఏమీ కనిపించలేదు. తరువాత ఒక్కసారిగా కనిపించాయి. నా భుజాల ఎత్తున పూలు. ఒక గుంపు, దాని వెనక ఇంకో గుంపు. తెలుపు వెనక ఇటుక రంగు, ఆకుల్లోంచి దిగిన వెలుతురులో లోపల దీపం పెట్టినట్టున్నాయి. వాటి మీదుగా కాగితం బెరడు చెట్టు. చెట్టుకు గులాబీ టేపు. టేపు మీద నా చేతిరాత.

నేను తాటి మొలకలనుకున్న వాటి మీదే నిలబడి మైకు సెట్టు బేరమాడాను.

నా దేశంలో, మా ఊళ్ళో, ఆడవాళ్ళు తెల్లారి లేచి గుట్టల మీద తిరిగి అడవి పువ్వు ఏరుకొచ్చి పేర్చే పండగ అది. ఎవరూ నాటని, ఎవరూ అమ్మని పువ్వుకు చేసే పూజ. ఆ పండగ కోసం నేను ఈ నేల మీది అడవి పువ్వును తొక్కి, మార్కెట్ పూల పండక్కి మైకు మాట్లాడాను. ఆ మాట ఆవిడ అననక్కరలేదు. టేపు అంటూనే ఉంది.

బ్రిస్బేన్ వెళ్ళి మేనేజరుకు చెప్పాను, రిపోర్టు వెనక్కి తీసుకుందామని. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఉన్న మామూలు మనిషి.

"నువ్వు అబద్ధం రాశావా? లేదు. కనిపించలేదని రాశావు, కనిపించలేదు. ఇప్పుడు కనిపించిందంటే చిన్న అనుబంధం రాద్దాం. అనుమతి వచ్చాక వాటిని తవ్వి వేరే చోట నాటిస్తారు."

"వేరే చోట అది బతకదు. ఆ బురదలో ఉండే బూజుతో దానికి పొత్తు. అది లేకపోతే గింజ మొలవదు."

"అది ఒక అభిప్రాయం."

"అనుమతి వచ్చాక కాదు, ముందే చెప్పాలి."

"వచ్చే వారం దీవిలో సభ ఉంది. రిసార్టువాళ్ళు మాట్లాడతారు. నువ్వు పక్కన కూర్చో. అడిగితేనే పలుకు. అడిగినా తక్కువ పలుకు."

ఇంట్లో కోపం చల్లారలేదు. నేను వెళ్ళిపోయిన రోజు మా ఆవిడ ఒక్కతే అందరికీ సమాధానం చెప్పుకున్నది. మా బతుకమ్మ అవతలివాళ్ళ కంటే పొడుగైంది గానీ ప్రెసిడెంటు పారిపోయాడన్న మాటే ఊరంతా మిగిలింది.

సభ దీవిలోని చిన్న హాల్లో. మడత కుర్చీలు, వెనక బల్ల మీద టీ కెటిల్, బిస్కట్లు. దీవి కుటుంబాలు ఒక పక్క, రిసార్టులో పని దొరుకుతుందని ఆశపడేవాళ్ళు ఒక పక్క. వాళ్ళ ఆశ తప్పని నేనెప్పుడూ అనను. ఆవిడ వెనక వరసలో కూర్చుంది. రిసార్టు ప్రతినిధి తెర మీద రంగుల పటం వేసి, నా రిపోర్టులో నేను అదనంగా రాసిన వాక్యాన్ని చదివాడు. ఉండే అవకాశం తక్కువ.

నేను లేచాను. ఎవరూ నన్ను అడగలేదు.

"ఆ వాక్యం తప్పు. ఆ సర్వే తప్పు. చేసినవాణ్ణి నేనే," అన్నాను.

మేనేజరు నా చొక్కా అంచు లాగాడు. కూర్చోలేదు.

"పూసే కాలంలో రావలసిందని నాకు తెలుసు. రాలేదు. ఆ రోజుల్లో మా పండగ ఉంది. అందుకని చలికాలంలో వచ్చి, దాని మీదే అడుగు వేసి, లేదని రాశాను."

"ఏం పండగ?" అన్నారెవరో.

"పూల పండగ."

హాలంతా నవ్వింది. రిసార్టు ప్రతినిధి కూడా హాయిగా నవ్వాడు.

"అంటే పూల పండగ చేసుకుంటూ పువ్వును చూడలేదంటారు?"

"అవును. సరిగ్గా అదే అంటున్నాను. రాసుకోండి."

నవ్వు ఆగింది. ఆ క్షణం నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, నా జీతం, నా పేరు, ఇవేవీ గుర్తు లేవు. అంతటితో కూర్చుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ముగిసేది, శాలువా కప్పించుకునేవాణ్ణి.

ప్రతినిధి వదల్లేదు. "ఉందని ఇప్పుడంటున్నారు, లేదని అప్పుడన్నారు. ఏది నమ్మాలి? ఉంటే ఎక్కడుంది? చూపించండి. ఎవరైనా ఉందని చెప్పవచ్చు."

"చూపించలేననుకుంటున్నారా?"

"చూపించండి మరి."

తెర దగ్గరికి వెళ్ళాను. పటం మీద వేలు పెట్టాను. "ఇక్కడ. రోడ్డు మలుపు తిరిగే ఈ మూలలో, ఈ చెట్ల వరసలో."

వెనక వరసలో ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయింది. నా ధైర్యానికి చలించి, కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళిందనుకున్నాను. అంత బుద్ధిహీనుణ్ణి.

బయట ఆవిడ పడవల వైపు చూస్తూ నిలబడింది.

"నిజం చెప్పమన్నాను. దారి చెప్పమనలేదు."

"వాడు రెచ్చగొట్టాడు..."

"వాడి పని వాడు చేశాడు. నీ పని ఏమిటి?" అని అంతటితో వెళ్ళిపోయింది.

కొన్ని వారాలకు ఆ చెట్ల వరసలో గుంటలు మిగిలాయి. పారతో శుభ్రంగా, తొందర లేకుండా తవ్వారు. ఎవరో నేను చెప్పను, తెలియదు గనక. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో ఎవరో, వాళ్ళ నోటి మాట విన్న ఎవరో. ఆ గుంటల ఫొటో పెద్దావిడ పంపింది. ఫొటోలో గులాబీ టేపు అలాగే ఉంది.

మా మేనేజరు పిలిచాడు. రిసార్టువాళ్ళ నుంచి కొత్త మాట వచ్చిందట. చిత్తడిలో ఇప్పుడు ఆర్కిడ్ లేదు గనక మరోసారి చూసి, లేదని రాయమంటున్నారు.

"చూడు, నీ పాత రిపోర్టు ఇప్పుడు నిజమైంది," అన్నాడాయన. ఎకసెక్కెంగా అనలేదు. నా గండం గడిచిందని నిజంగా సంతోషించాడు. "సంతకం పెట్టు, అందరం ఇంటికి పోదాం."

నా ఉద్యోగ జీవితంలో నేను విన్న మాటల్లో అంత భయంకరమైనది లేదు. నా అబద్ధాన్ని నిజం చేస్తూ ఎవరో పార పట్టుకుని వెళ్ళారు, దారి చూపింది నేను.

"పెట్టను," అన్నాను.

"ఇప్పుడక్కడ మొక్క ఉందా?"

"లేదు."

"మరి?"

"దొంగలు పడిన ఇంటిని ఖాళీ స్థలం అనరు."

ఆయన కాగితం నా వైపు జరిపాడు. "దీనికి నీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి."

సంతకం పెట్టలేదు. దాని బదులు అనుమతులిచ్చే ఆఫీసుకు నా సొంత పేరు మీద రాశాను. సర్వే కాలం నేనే మార్చాను, మొక్కను నేనే గుర్తుపట్టలేదు, చోటు నేనే బయటపెట్టాను, దాని వల్ల తవ్వుకుపోయారు. గుంపులు పోయినా చిత్తడి ఉంది, దానికి కావలసిన నీళ్ళున్నాయి, బురదలో దాని గింజలు దుమ్ములా కలిసి ఉన్నాయి. కాలువ తవ్వితే అవీ పోతాయి. మొక్కను ఎత్తుకుపోతే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. దీవి కుటుంబాలు ఇంకా గట్టిగా రాశాయి, పడవలేసుకుని వెళ్ళి ఆఫీసు ముందు కూర్చున్నాయి. నా కాగితం వల్లనో, వాళ్ళు కూర్చోవడం వల్లనో తెలియదు, రోడ్డు అవతలి దిబ్బ మీదికి జరిగింది. కాలువ ఆగింది. రిసార్టు పెరిగింది, పని దొరికినవాళ్ళకు దొరికింది. మా కంపెనీ నన్ను మర్యాదగానే పంపించింది. కేకు కూడా కోశారు.

తరువాత నాకు దొరికిన పనులు చిన్నవి. ఇంకో పెళ్ళికి ఎవరూ పిలవలేదు. దానికి నాకు బాధ లేదని చెబితే అబద్ధం. మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళే ఏళ్ళవి. కానీ ఆ పెట్టని సంతకం గురించి ఒక్కరోజూ పశ్చాత్తాపపడలేదు. పశ్చాత్తాపం పటం మీద పెట్టిన వేలు గురించి.

దీవికి వెళ్ళి పెద్దావిడకు క్షమాపణ చెప్పాను. ముందే రాసుకుని, కంఠతా పెట్టి వెళ్ళాను. రెండో వాక్యం దగ్గర ఆపింది.

"నీ క్షమాపణ ఎక్కడ నాటమంటావు? చేతి తొడుగులు తెచ్చుకున్నావా?"

"లేదు."

"తెచ్చుకుని రా. పందులు రాకుండా కంచె వేయాలి. కలుపు పీకాలి. ఎప్పుడు రావాలో ఈసారి తెలుసు గదా, ప్రెసిడెంటూ?"

తెలుసు. ఆ మరుసటి ఏడు నుంచి దసరా రోజుల్లో సంఘానికి నేను దొరకలేదు. అవతలి సంఘంవాళ్ళు నేను ఇవతలివాళ్ళతో పోట్లాడానన్నారు, ఇవతలివాళ్ళు నేను అవతలివాళ్ళలో కలిశానన్నారు. మొదటి ఏడు గుంటల్లో నీళ్ళు తప్ప ఏమీ లేవు. రెండో ఏడు పందులు కంచె పడగొట్టాయి. తరువాత ఒక ఏడు తవ్వినవాళ్ళు వదిలేసిన దుంప ముక్క ఒకటి, గుంట అంచున, రెండు మడతల ఆకులు వేసింది. ఈసారి తాటి మొలక అనుకోలేదు.

అది పూసిన ఏడు మా ఆవిడ కూడా వస్తానన్నది. కోపం తగ్గడానికి ఆవిడకూ కొన్నేళ్ళు పట్టింది. చిత్తడి అంచున చీర కుచ్చిళ్ళు ఎత్తి, నా పాత బూట్లు వేసుకుని, "అవ్వో, ఏం చల్లగున్నయి నీళ్ళు" అనుకుంటూ నడిచింది. ఒకే ఒక కాడ. దాని మీద పూలు. ఆవిడ ఆగిపోయింది. చిన్నప్పుడు గుట్టల మీద తంగేడు తెంపిన చెయ్యి దానంతట అదే ముందుకు చాచుకుంది. బృందం పెద్దావిడ గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది.

మా ఆవిడ చెయ్యి పువ్వుకు జానెడు దూరంలో ఆగింది. రెండు చేతులూ కలిసి దండమైంది.

"ఇది ఇక్కడనే ఉండనీ," అన్నది నాతో. "మనం తీస్కపోయి మొక్కుడెందుకు? మొక్కేదుంటే ఇక్కడికే వచ్చి మొక్కుదాం."

మా ఆవిడ ఏమన్నదని పెద్దావిడ నన్ను అడిగింది. చెప్పాను.

"ఈవిడను ముందే తీసుకురావలసింది," అన్నది. "నిన్ను ఇంట్లో పెట్టి."

అందుకు ఇద్దరూ నవ్వారు. ఒకరి భాష ఒకరికి రాకుండానే, నన్ను మధ్యలో పెట్టుకుని.

ఇప్పుడు కాన్‌బెరాకు వచ్చేశాం. అమ్మాయి ఇల్లు దగ్గర. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, అయినా ఏడాదికొకసారి విమానమెక్కి, పడవెక్కి వెళ్ళి వస్తాం. జాబితాలో ఆ మొక్క ఇప్పటికీ ప్రమాదంలో ఉన్నవాటిలోనే ఉంది. ఆ చిత్తడిలో అది ఎన్ని కాడలు వేసిందో, ఈ ఏడు పూసిందో లేదో మీకు చెప్పను.

సావనీరు అబ్బాయి మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ముసాయిదా చదివాడట.

"అంకుల్, సూపర్ ఉంది. కానీ ఎండింగ్‌లో జస్ట్ ఐలండ్ పేరు ఒక్కటి వేద్దాం. పిన్ వద్దులెండి. పేరే. ఇప్పుడు ఎవరు తవ్వుతారు చెప్పండి?"

అప్పుడు కూడా ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళలాగే కనిపించారు బాబూ. బిస్కట్లు తింటున్నారు. మీ మీద నాకు అనుమానం లేదు. నా వేలి మీద ఉంది. ఒకసారి అది పటం మీదికి వెళ్ళింది, ఇక వెళ్ళదు.

పువ్వు ఉంది. ఎక్కడో నాకు తెలుసు. అంతవరకే మీకు.